మా సేల్ డీడే మాకు ఎదురు సాక్షి

2020 జనవరి 10న మా ఊరి కాలువ భూములకు అవార్డు, అంటే పరిహారం ఇంత అని కట్టిన ఉత్తర్వు, పాసైంది. అప్పటికి మాది వరంగల్ రూరల్ జిల్లా. మా ఇంటి భూమి 2 ఎకరాల 14 గుంటలు (ఎకరానికి 40 గుంటలు) కాలువ కింద పోయింది; మిగిలిన 30 గుంటలు కాలువ అవతలి ఒడ్డున చిక్కుబడ్డాయి. అవార్డులో ఎకరం మార్కెట్ విలువ 8 లక్షల రూపాయలని రాశారు. భూసేకరణ ప్రకటన వెలువడేనాటికి మా శివారులో బోరు ఉన్న చెల్క ఎకరం 14 లక్షలకు తక్కువ పలికేది కాదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, గొలుసు పట్టుకుని కొలవడానికి వచ్చిన సర్వేయరుకూ తెలుసు. ఫైలులో ఉన్న కాగితాలు మాత్రం వేరే మాట చెప్పాయి. ఆ కాగితాలను అలా తయారు చేసినవాళ్లలో మేమూ ఉన్నామన్న విషయం నాకు చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు.

నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాను, సేద్యం మా అన్న చూసుకుంటాడు. అవార్డు సంగతి చెప్పడానికి అన్న ఫోన్ చేసినప్పుడు, "సర్కారుతోని కొట్లాడి ఎవలు గెలిచిండ్రు తమ్మీ, ఇచ్చింది తీసుకుందాం" అన్నాడు. ఊళ్లో అందరిదీ అదే మాట. అవార్డు అనే మాటలోనే ఒక చిక్కు ఉంది: వినగానే తీర్పు అనిపిస్తుంది, తీర్పు వచ్చాక ఇంకేముందనిపిస్తుంది. నిజానికి అది ప్రభుత్వం మన ముందు పెట్టే ధర మాత్రమే. 1988లో చిమన్‌లాల్ హరగోవింద్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది: భూసేకరణ అధికారి ఇచ్చిన అవార్డు ఒక ప్రతిపాదన వంటిది, దాన్ని సవాలు చేసినప్పుడు న్యాయస్థానం విషయాన్ని మొదటి నుంచి విచారించాలి, అయితే ఆ ధర చాలదని రుజువు చేయవలసిన బాధ్యత భూమి పోయినవాడిదే. ఈ వాక్యంలోని మొదటి సగం మాకు ధైర్యాన్నిచ్చింది, రెండో సగం అయిదేళ్ల పని పెట్టింది.

మొదట గడువు గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో సగం మంది అక్కడే ఓడిపోయారు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, అవార్డు ఇచ్చే సమయంలో హాజరై ఉన్న వ్యక్తి ఆరు వారాల్లోగా కలెక్టరుకు దరఖాస్తు ఇచ్చి, తన వివాదాన్ని ఇలాంటి తగాదాలు విచారించే అథారిటీకి నివేదించమని కోరాలి. హాజరు కానివారికి లెక్క వేరుగా ఉంది, తగిన కారణం చూపితే మరో ఏడాది వరకు దరఖాస్తును అనుమతించే అధికారం కలెక్టరుకు ఉంది. కానీ ఆ వెసులుబాట్లను నమ్ముకుని కూర్చోవడం కన్నా ఆరు వారాలే గడువనుకుని నడవడం క్షేమం. మా అన్న విచారణ రోజు వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు కాబట్టి మాకు జనవరి 10 నుంచి 42 రోజులు. ఆ ఏడాది ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు మేడారం జాతర. జాతర ఏడాది మా వైపు ఊళ్లలో సంక్రాంతి దాటిన తర్వాత ఏ పని అడిగినా "అమ్మవార్లు వనం పోయినంక చూద్దాం" అనే సమాధానం వస్తుంది. మా అన్న కూడా అదే అన్నాడు. జాతర నుంచి వచ్చి, బంగారం (అమ్మవార్ల ప్రసాదపు బెల్లం) పంచిపెట్టి, అలసట తీర్చుకునేసరికి గడువులో తొమ్మిదో పదో రోజులు మిగిలాయి. 42వ రోజు శుక్రవారం, ఆ రోజు మహాశివరాత్రి, కార్యాలయానికి సెలవు. మేము దరఖాస్తు ఇచ్చింది అంతకు ముందు మంగళవారం. ఒక్క వారం ఏమరితే ఈ టపా రాసే అవసరమే ఉండేది కాదు.

దరఖాస్తు కంటే ముందు జరగవలసింది ఇంకొకటి ఉంది. పరిహారం డబ్బును అభ్యంతరం తెలపకుండా తీసుకున్నవారికి 64వ సెక్షన్ కింద దరఖాస్తు ఇచ్చే హక్కు లేదని అదే చట్టం 77వ సెక్షన్ చెబుతుంది. అండర్ ప్రొటెస్ట్ అని వకీళ్లు అనేది దీన్నే. పూర్వం చెక్కు తీసుకునేటప్పుడు రిజిస్టరులో సంతకం పక్కన ఆ రెండు మాటలు రాస్తే సరిపోయేదట. ఇప్పుడు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, అందువల్ల రాసుకోవడానికి పక్కన ఖాళీ జాగా ఉండదు. ఖాతా వివరాల కోసమని కార్యాలయంలో అడిగే కాగితాల కట్టలో, పాసు పుస్తకం నకలు, ఆధార్ నకలు, బాండు పేపరు మధ్యలో ఒక అచ్చు కాగితం ఉంటుంది. మా కట్టలో ఉన్నదానిపై "నిర్ణయించిన పరిహారానికి పూర్తి సమ్మతి తెలుపుతూ" అనే వాక్యం ఉంది. అన్న అప్పటికే సంతకం పెట్టాడు గాని కట్ట ఇంకా ఇవ్వలేదు. మేము ఆ ఒక్క కాగితాన్ని తీసివేసి, దాని స్థానంలో, ఈ మొత్తాన్ని అభ్యంతరంతోనే స్వీకరిస్తున్నామని, పెంపు కోరే హక్కును వదులుకోవడం లేదని సర్వే నంబర్లతో సహా ఉత్తరం రాసి ఇచ్చి, నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకున్నాం. కౌంటర్ దగ్గరి ఉద్యోగి కాసేపు గొణిగాడు, అంతే. నాలుగున్నరేళ్ల తర్వాత విచారణలో మమ్మల్ని అడిగిన మొట్టమొదటి కాగితం ఆ ముద్ర ఉన్న నకలే.

ఇప్పుడు లెక్క. 26వ సెక్షన్ ప్రకారం మార్కెట్ విలువను ప్రాథమిక ప్రకటన తేదీ నాటికి చూడాలి. మాకు ఆ ప్రకటన 2018 నవంబరులో వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ వారి ప్రభుత్వ విలువ ఒకటి, దగ్గరి భూముల అమ్మకపు దస్తావేజుల సగటు ధర ఒకటి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. ప్రైవేటు కంపెనీల కోసమో, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలోనో సేకరించేటప్పుడు అంగీకారం కుదిరిన ధరను కూడా పోల్చి చూస్తారు, అది మాకు వర్తించదు. వచ్చిన విలువను గ్రామీణ ప్రాంతానికి రాష్ట్రం ప్రకటించిన గుణకంతో, అంటే 1 నుంచి 2 మధ్య ఉండే అంకెతో హెచ్చించి, బోరు, బావి, చెట్ల విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా నూటికి నూరు శాతం సొలేషియం చేర్చాలి. సొలేషియం అంటే ఇష్టం లేకున్నా భూమి వదులుకోవలసి వచ్చినందుకు ఇచ్చే ఊరట సొమ్ము. వీటికి తోడు మార్కెట్ విలువపై ఏటా 12 శాతం చొప్పున అదనపు మొత్తం కొంత కాలానికి వస్తుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది: మూల విలువలో 1 రూపాయి తేడా వచ్చిందంటే రైతు చేతికి వచ్చేదానిలో, గుణకాన్ని బట్టి, 2 నుంచి 4 రూపాయల తేడా వస్తుంది. సొలేషియం నూరు శాతం ఇచ్చారు కదా అని సంతోషించేవారు, దేనికి నూరు శాతమో చూసుకోవడం లేదు.

ఆ 8 లక్షలు ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. వచ్చిన కాగితాల్లో ప్రకటనకు ముందు మూడేళ్లలో మా గ్రామంలోనూ, పొరుగు గ్రామంలోనూ రిజిస్టరైన పది సేల్ డీడ్ల పట్టిక ఉంది. ఎకరానికి లెక్కగట్టి చూస్తే అవి లక్షల్లో ఇలా ఉన్నాయి: 12.5, 11, 10, 9.5, 9, 6.5, 6, 5.5, 5, 5. మొత్తం 80, పదితో భాగిస్తే 8. చూడగానే తప్పేమీ లేదనిపించింది. ఆ పట్టికను మా వకీలు మేడం ఒక్క నిమిషం చూసి, పెన్సిలుతో అయిదో డీడ్ కింద ఒక గీత గీశారు. సగటు ఎలా తీయాలో 26వ సెక్షన్ వివరణలోనే ఉంది: మూడేళ్ల డీడ్లలో ఎక్కువ ధర ఉన్న సగం డీడ్లను మాత్రమే తీసుకుని, వాటి సగటు కట్టాలి. గీతకు పైన ఉన్న అయిదింటి మొత్తం 52, సగటు 10.4 లక్షలు. ఎకరానికి 2 లక్షల 40 వేల తేడా. మా 2 ఎకరాల 14 గుంటలకు అది 5 లక్షల 64 వేలు, సొలేషియంతో కలిపితే 11 లక్షల 28 వేలు, గుణకం సంగతి ఇంకా పక్కన పెట్టి. ఇందులో చట్టంపై వాదన లేదు, అభిప్రాయ భేదం లేదు. కూడికలూ భాగహారాలూ వచ్చిన పిల్లవాడు పట్టుకోగలిగిన తప్పు. అది కావాలని చేశారో, 1894 నాటి పాత చట్టం అలవాటుతో చేశారో నేను చెప్పలేను.

గీతకు కింద ఉన్న డీడ్లలో చివరి నుంచి రెండోది మాది. 2017లో మా అన్న బిడ్డ పెళ్లికి 20 గుంటలు అమ్మాం. ఎకరం 14 లక్షల చొప్పున 7 లక్షలు చేతికి వచ్చాయి, డీడులో మాత్రం అప్పటి ప్రభుత్వ విలువ ప్రకారం రెండున్నర లక్షలే రాశాం. అప్పట్లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం. దాచిన నాలుగున్నర లక్షల మీద కొన్నాయనకు మిగిలింది 27 వేల రూపాయలు. మాకేమీ మిగలలేదు, ఊళ్లో అందరూ అలాగే రాస్తారు, మేమూ రాశాం, అంతే. ఆ డీడ్‌ను ఉన్నదున్నట్టుగా 14 లక్షల లెక్కన రాసి ఉంటే అది పట్టికలో మొదటి స్థానంలో నిలిచేది, పైసగం డీడ్ల సగటు 11.4 లక్షలకు పెరిగేది. ఎకరానికి 1 లక్ష, అంటే మా భూమికి సొలేషియంతో కలిపి 4 లక్షల 70 వేలు, కాలువ కింద భూమి పోయిన మిగతా ఇళ్లన్నింటికీ అదే లెక్కన. ఇంకొకరి 27 వేలు కాపాడడానికి మేము పెట్టిన సంతకం ఖరీదు అది. ఈ లెక్క వేసి చూపించినప్పుడు మా అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరి పట్టికలో పైన ఉన్న అయిదు డీడ్లు ఎవరివని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. సర్టిఫైడ్ కాపీలు తీయించి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ, బ్యాంకు ఖాతా నుంచి చెల్లించి కొన్నవారివి. జీతం డబ్బు లెక్కలో ఉన్న డబ్బు కాబట్టి వారు ధరను దాదాపు ఉన్నట్టుగానే రాయించుకున్నారు. ఆ కొత్త కొనుగోలుదారుల వల్లే భూముల ధరలు పెరిగిపోతున్నాయని మేము ఎన్నోసార్లు తిట్టుకున్నాం. చివరికి కోర్టులో మా పక్షాన నిలబడింది వారి కాగితాలే.

ప్రభుత్వ విలువ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ విలువలు 2013 తర్వాత 2021 జులై వరకు సవరించలేదు. అంటే మా ప్రకటన వచ్చిన 2018లో ఉన్నది అయిదేళ్ల నాటి విలువ. భూసేకరణ మొదలు పెట్టే ముందే ఆ ప్రాంతపు మార్కెట్ విలువలను అప్పటి ధరలకు తగినట్లు సవరించడానికి కలెక్టరు చర్యలు తీసుకోవాలని చట్టం చెబుతోంది. మా ఫైలులో ఆ పని జరిగినట్లు ఒక్క కాగితం కూడా లేదు. ఈ అభ్యంతరాన్ని మేము గట్టిగా లేవనెత్తాం గాని, సవరించి ఉంటే ఎంత అయ్యేదో చెప్పే ఆధారం మా దగ్గర లేకపోవడంతో అది వాదనగానే మిగిలిపోయింది.

భూమి మీద ఉన్నవాటి గురించి రైతులు త్వరగా వదిలేస్తారు, అది పొరపాటు. మా పంచనామాలో బోరును రాశారు గాని, భూమిలో వేసిన పైపులైనును రాయలేదు. గట్టు మీది టేకు చెట్లను లెక్కపెట్టారు గాని, చుట్టుకొలత రాయలేదు. చుట్టుకొలత లేకపోతే చెట్టు విలువ కట్టేవారు చిన్న చెట్టు ధరే వేస్తారు. అన్నిటికన్నా పెద్ద తప్పు, రికార్డులో భూమి ఖుష్కి అని ఉండడం వల్ల వర్షాధార భూమిగానే చూశారు. అది పదిహేనేళ్లుగా బోరు కింద మిర్చి పండే చెల్క. దాన్ని ఎలా రుజువు చేయాలని తల పట్టుకుని కూర్చుంటే, మా వదిన బియ్యం డబ్బా పైనుంచి ఒక కవరు దించింది. అందులో ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మినప్పుడు అడ్తిదారు ఇచ్చిన తక్‌పట్టీలు, అంటే అమ్మకపు రసీదులు, వరుసగా కొన్నేళ్లవి ఉన్నాయి. అప్పు లెక్కలు చూసుకోవడానికి ఆమె దాచినవి అవి. నీరు లేని భూమిలో ఏటా అన్ని బస్తాల మిర్చి రాదు కదా అన్న ఒక్క ప్రశ్నకు అవతలి వారి దగ్గర సమాధానం లేకపోయింది.

కాలువ అవతల చిక్కుకున్న 30 గుంటల మాట అవార్డులో ఎక్కడా లేదు. భూమిని ముక్కలుగా విడగొట్టడం వల్ల మిగిలిన భూమికి కలిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కించాలని 28వ సెక్షన్‌లో ఉంది. నిలిచి ఉన్న పంటకు కలిగే నష్టం కూడా అందులోనే ఉంది. మా 30 గుంటలకు ఇప్పుడు నాగలి తీసుకుపోవాలంటే వంతెన దాకా వెళ్లి అవతలి గట్టు మీదుగా వెనక్కి రావాలి, ఒక్క వైపుకే సుమారు రెండు కిలోమీటర్లు. ట్రాక్టరు వాళ్లు అంత చిన్న ముక్క కోసం రామంటున్నారు. 2020 మార్చి మొదటి వారంలో జేసీబీలు వచ్చేనాటికి మిర్చి రెండోసారి ఏరవలసి ఉంది. ఫోన్లో తీసిన ఫొటోలు ఉన్నాయి గనుక దరఖాస్తులో రాయగలిగాం. ఫొటోలు తీయాలన్న ఆలోచన మాది కాదు, ఎర్రటి చేను వాట్సాప్‌లో పెట్టుకోవడానికి మా అన్న కొడుకు తీసినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పైన చెప్పినదంతా 2013 చట్టం కింద సేకరించిన భూములకు. మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా ఖమ్మం వైపు గ్రీన్‌ఫీల్డ్ రహదారి వంటి జాతీయ రహదారుల కోసం తీసుకునే భూములకు 1956 జాతీయ రహదారుల చట్టం వర్తిస్తుంది, దారి పూర్తిగా వేరు. అందులో అభ్యంతరాలకు 21 రోజులే గడువు. పరిహారం చాలదనుకుంటే అథారిటీకి కాదు, కేంద్రం నియమించిన మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి, ఆ మధ్యవర్తి సాధారణంగా జిల్లా యంత్రాంగంలోని అధికారే అయి ఉంటాడు. మధ్యవర్తి నిర్ణయం నచ్చకపోతే జిల్లా కోర్టులో సవాలు చేయవచ్చు గాని, మామూలు అప్పీలులో ఉండే వెసులుబాటు అక్కడ ఉండదు. ఒకప్పుడు ఆ చట్టం కింద సొలేషియమే ఇచ్చేవారు కాదు. 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వివక్ష చెల్లదని తీర్పు చెప్పింది, దాన్ని ఇకపై సేకరించే భూములకే పరిమితం చేయాలన్న అభ్యర్థనను 2025 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. పరకాల వైపు ఉన్న మా బావ తన రహదారి భూమికి నన్ను చూసి ఆరు వారాల లెక్క వేసుకున్నాడు, తర్వాత తెలుసుకుని పరుగెత్తవలసి వచ్చింది. కాబట్టి నోటీసు చేతికి రాగానే చూడవలసింది డబ్బు అంకెను కాదు, ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో చెప్పే పై వాక్యాన్ని.

సమ్మతి ఒప్పందాల దారి ఇంకొకటి ఉంది. 2015లో 123వ నంబరు జీవోతో రైతుల నుంచి ఒప్పందం మీద భూములు కొనే పద్ధతి తెచ్చారు, 2016 ఆగస్టులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది, ఆ తర్వాత రాష్ట్ర సవరణ చట్టం ద్వారా ఒప్పంద పద్ధతి మళ్లీ వచ్చింది. ఒప్పందం ధర నిజంగా బాగుంటే సంతకం పెట్టడంలో తప్పు లేదు, కోర్టుల చుట్టూ తిరిగే కాలం కలిసి వస్తుంది. అయితే సంతకం పెట్టాక ధర మీద మళ్లీ తగాదా పడే దారి దాదాపు మూసుకుపోతుందని తెలిసి పెట్టాలి. అసైన్డ్ భూమి ఉన్నవారు తమకు హక్కే లేదనుకుని ఇచ్చింది పుచ్చుకుంటూ ఉంటారు. పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లోనే మేకల పాండు కేసులో అప్పటి ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది.

మా దరఖాస్తు సంగతికి వస్తాను. కలెక్టరు 30 రోజుల్లో దాన్ని అథారిటీకి పంపాలి. లాక్‌డౌన్ వచ్చింది, ఆ తర్వాత లాక్‌డౌన్ పోయింది, ఫైలు మాత్రం కదలలేదు. గడువులోగా పంపకపోతే నేరుగా అథారిటీనే ఆశ్రయించి, పంపమని ఆదేశం ఇప్పించుకోవచ్చని చట్టంలో ఉన్నా, ఆ మాట తెలియక ఏడాదికి పైగా కార్యాలయం మెట్లెక్కి దిగాం. 2021 చివరలో ఆ దారిన వెళ్లాక గాని రెఫరెన్స్ కదలలేదు. ఈ మధ్యలో, పెరిగినదానిలో పావు వంతు ఇస్తే కేసు నడిపిస్తామని ఇద్దరు వచ్చారు. ఫలితాన్ని బట్టి వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమని వారికీ తెలుసు. మా వకీలు మేడం మొదటి రోజే ఫీజు ఇంత అని చెప్పి రాసి ఇచ్చారు, దానికి మించి అడగలేదు.

విచారణలో మాకు అసలైన కష్టం ఎదురైంది సాక్షుల దగ్గర. మా 20 గుంటలు కొన్నాయనను వచ్చి నిజమైన ధర చెప్పమని అడిగాం. "నేను ఏడు లక్షలిచ్చిన అని కోర్టుల చెప్తే, డీడుల రెండున్నర ఎందుకు రాసినవని నన్నే అడుగుతరు గద" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. మా అన్నను బోనులో నిలబెట్టి, ఎకరం 14 లక్షలని చెబుతున్నారు కదా, 2017లో మీరు 5 లక్షల లెక్కన అమ్మిన డీడ్ ఇది కాదా అని ప్రభుత్వ న్యాయవాది చూపించినప్పుడు, సంతకం తనదేనని అన్న ఒప్పుకున్నాడు. ఇంకేం చెబుతాడు? రిజిస్టరైన కాగితం ముందు నోటిమాటకు విలువ ఉండదు. 12.5 లక్షల డీడ్ గురించి కూడా గట్టి వాదన జరిగింది: అది 10 గుంటల చిన్న ముక్క, రోడ్డు పక్కన ఉన్నది, దాన్ని పెద్ద కమతానికి పోలిక పట్టకూడదని వారన్నారు. వాస్తవ ధరను సూచించదని తోచిన డీడ్‌ను పక్కన పెట్టే వీలు చట్టంలో ఉంది కాబట్టి మాకు భయం వేసింది. అయితే ఆ డీడ్‌ను పట్టికలో చేర్చినది భూసేకరణ అధికారే కదా, అప్పుడు పనికి వచ్చినది ఇప్పుడు ఎందుకు పనికి రాదని మేడం అడిగారు.

2025 జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. ఎకరం మూల విలువ 10.4 లక్షలు. పైపులైనుకూ, పంటకూ కొంత మొత్తం, 30 గుంటలు విడిపోయినందుకు మేము కోరిన దానిలో సగానికి తక్కువ. పెరిగిన మొత్తం మీద భూమి స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ. 14 లక్షల కోరికను ఆధారం లేదని తోసిపుచ్చారు. ఆ పేరాలో మా డీడ్ నంబరు కూడా ఉంది. ప్రభుత్వం హైకోర్టుకు అప్పీలు వెళ్లవచ్చు, ఇది రాసేనాటికి మాకు నోటీసు రాలేదు. మేము 14 లక్షల కోసం అప్పీలు వెళ్లదలచుకోలేదు. ఏ ముఖంతో వెళ్లాలో మాకు తెలియలేదు.

ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చేతికి రావడానికి 19 రోజులు పట్టింది. అది తీసుకుని నేను నేరుగా మా పక్క పొలం పెద్దాయన ఇంటికి వెళ్లాను, ఆయన్ను కాక అని పిలుస్తాం. ఆయనది ఎకరం 6 గుంటలు అదే ప్రకటనలో పోయింది. అభ్యంతరం రాయలేదు, దరఖాస్తు ఇవ్వలేదు, డబ్బు తీసుకుని బిడ్డ ఇల్లు కట్టించాడు. 73వ సెక్షన్ ప్రకారం, ఒకే ప్రకటన కింద భూమి పోయిన ఇతరులు, తాము దరఖాస్తు పెట్టకపోయినా, అథారిటీ ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లో తమకూ అదే ధర కట్టమని కలెక్టరును కోరవచ్చు. కాపీ కోసం పట్టిన రోజులను ఆ మూడు నెలల్లో కలపరు. డబ్బు అభ్యంతరం లేకుండా తీసుకున్నావు కదా అని అడ్డు చెబుతారేమోనని మేడంను అడిగితే, పాత చట్టంలో ఇటువంటి సెక్షన్ మీదనే 2002లో హన్సోలీ దేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, డబ్బు ఎలా తీసుకున్నారన్నది ఈ దరఖాస్తుకు అడ్డు కాదని చెప్పిందన్నారు.

కాకకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన అంతా విని, "మరి నా భూమి గూడ నీ కాగితంల ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. ప్రకటన నంబరు ఒకటేనని, ఆయన సర్వే నంబరు గెజిట్ జాబితాలో ఉందని చూపించాను. పాసు పుస్తకం, అవార్డు కాగితాలు తెమ్మంటే లోపలికి వెళ్లి, సందుగలో నుంచి పాలిథిన్ సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పాసు పుస్తకం కింద రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన అవార్డు కవరు ఉంది. 2020 నాటి తపాలా ముద్ర ఉన్న ఆ కవరు ఇంకా విప్పలేదు. చదివేవాళ్లు ఇంట్లో లేక అలాగే దాచానన్నాడు. నేను అక్కడే అరుగు మీద కూర్చుని కవరు అంచు చించి, దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. వచ్చే సోమవారం ఇద్దరం కార్యాలయానికి వెళ్లి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని రావాలి.